యాడికంటే యాడికికి

మా సందులో సుంకప్ప మామ జీపు వెనకాల పసుపు రంగుతో రాసిన అక్షరాలు చదవని వాళ్ళు లేరు. అందరి బండ్ల మీదా దేవుడి పేరో, పిల్లల పేర్లో ఉంటాయి. ఆయన జీపు మీద మాత్రం ‘యాడికి అని అడగొద్దు’ అని ఉంటుంది. రాయడానికి వచ్చిన పెయింటరు పడీపడీ నవ్వితే, నవ్వినంతసేపూ ఎదురుగా నిలబడి, అతని నవ్వు అయిపోయాక రాయించుకొచ్చాడట.

బయలుదేరే మనిషిని ఎక్కడికని అడిగితే పోయిన పని చెడుతుందని మన వైపు అందరూ అనుకునేదే. అయినా ఎవరో ఒకరు అడుగుతారు, మనమూ ఏదో గొణిగి పోతాం. సుంకప్ప మామ అట్లా కాదు. అడిగారంటే ఇంజిను ఆపేస్తాడు. దిగి ఇంట్లోకి పోయి చెంబెడు నీళ్ళు తాగుతాడు. కాసేపు కూర్చుని, మళ్ళీ మొదటి నుంచి బయలుదేరుతాడు. జీపులో పెళ్ళివాళ్ళు ముహూర్తం దాటిపోతోందని మొత్తుకుంటున్నా సరే. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం.

ఇట్లా దిగి ఎక్కి దిగి ఎక్కి చివరికి ఆయనకే విసుగొచ్చి ఒక ఉపాయం కనిపెట్టాడు. తాడిపత్రి అవతల యాడికి అని ఒక ఊరుంది. ఎవరైనా “యాడికి సుంకప్పా?” అంటే “యాడికికి” అని చెప్పి బండి కదిలిస్తాడు. ఊరి పేరు చెప్పేశాడు కాబట్టి అడిగిన దోషం ఆ ఊరి దోవ పడుతుందట, ఈయన దోవ ఈయనకు మిగులుతుందట. ఈ సంగతి ఆ యాడికి ఊరివాళ్ళకు తెలిస్తే ఏమంటారో నాకు తెలియదు. మా సందులో వాళ్ళందరికీ ఇది అలవాటైపోయింది.

ఆయన మాకు చుట్టమేమీ కాదు. ఆలూరు పక్క మెట్టపొలాలు వానలు నమ్ముకుని ఎండిపోతే, పెళ్ళాం తిమ్మమ్మను, వేలంలో కొన్న ఒక పాత జీపును వెంటబెట్టుకుని ప్రొద్దుటూరు దగ్గర మా నేతగాళ్ళ ఊరికి వచ్చాడు. ఇన్నేళ్ళయినా ఆ పక్క మాట పోలేదు. డబ్బులను దుడ్లు అంటాడు. గండికోట చూడ్డానికి వచ్చినవాళ్ళను, కోనలకు పోయే భక్తులను, పెళ్ళికూతుళ్ళను, పొట్టేళ్ళను, అందరినీ ఒకే మర్యాదతో ఎక్కించుకుంటాడు. పోగా పోగా వరసలు కలిసి నాకు మామ అయ్యాడు, నేను ఆయనకు కోడలినయ్యాను.

తిమ్మమ్మత్త సంగతి కూడా చెప్పాలి. లోకమంతా అడిగినా ఆమె మాత్రం మొగుణ్ణి ఎక్కడికని ఏనాడూ అడగలేదు. పొద్దున్నే నీళ్ళ క్యాను నింపి జీపులో పెడుతుంది. పెడుతూ పెడుతూ బండి వెనక భాగంలోకి ఒకసారి తొంగి చూస్తుంది. అంతే, లోపలికి వెళ్ళిపోతుంది. ఇంత ఓర్పు నాకైతే ఈ జన్మలో రాదు. నాగజ్యోతికి నోరెక్కువ అని మా సందులో ఊరికే అనరు.

ఇక ఈ కథ నడిచింది ఒక చీరె మీద.

నల్లమలలో నెమళ్ళకోన అని ఒక చిన్న కోన. రాతి చరియ కింద శివుడూ పార్వతీ ఉంటారు. కార్తీకమాసం రెండో సోమవారం, పొద్దు గూకే వేళ వాళ్ళకు కళ్యాణం. ఆ రోజు అమ్మవారికి కట్టే చీరె మా మగ్గం మీద నేసినదే. మా తాత నాటి నుంచీ వస్తున్న వంతు అది. పట్టు కాదు, నూలు చీరె, పసుపు మీద ఎర్రంచు. కట్టబోయే ముందు పూజారి జనమంతా వినేటట్టు, “ఆడబిడ్డ చీరె యాడ నుంచి వచ్చె?” అని అడుగుతాడు. తెచ్చినవాళ్ళు తమ మగ్గం పేరు చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పడానికి మా నాయన సుబ్బయ్య ఏడాది పొడుగునా గొంతు సవరించుకుంటాడని మా అమ్మ ఎగతాళి చేసేది.

పోయినేడు మేమెక్కిన బస్సు దోవలో చెడిపోయి, చీరె చేరేసరికి లగ్నం దాటింది. కోన కమిటీ పెద్ద రాజశేఖరన్న గొణిగాడు. ఆయన సేద్యం వదిలి ప్రొద్దుటూరులో ఎరువుల అంగడి పెట్టిన మనిషి, ఏదైనా చెప్పిన వేళకు జరగాలంటాడు. అందులో తప్పేముంది? కానీ మా నాయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. “వచ్చే ఏడు పొద్దు మునిగేలోపల నా చీరె రాకపోతే ఈ వంతు నాకొద్దు. మీరే యాడన్నా పట్టుచీరె తెచ్చుకోండి” అని నలుగురిలో అనేశాడు. రాజశేఖరన్న వెంటనే సరేనన్నాడు. ఆ రాత్రి నుంచీ మా నాయన సరిగా అన్నం తినలేదు. మాట జారినవాడికి ఆకలేముంటుంది?

ఈ ఏడు ఆయన మోకాళ్ళు బండి ఎక్కనీయలేదు. చీరెను పసుపు బట్టలో చుట్టి నా చేతికిచ్చాడు. “పాపా, ఇది చీరె గాదు, నా మాట. నీ చేతిలో పెడతాండా” అన్నాడు. సుంకప్ప మామ కొత్త పంచె కట్టుకుని తయారుగా ఉన్నాడు. అదీ మా నాయన నేసిందే. కళ్యాణానికి బాడుగ వద్దన్నాడు, తానూ దేవుడి పెళ్ళికే పోతున్నానన్నాడు. తిమ్మమ్మత్త క్యాను పెట్టింది, తొంగి చూసింది, లోపలికి పోయింది.

అడవి మొదట్లో ఎర్రబల్లె అని పది పదిహేను గడపల ఊరు. ఫోను పలికేది అక్కడిదాకానే. అక్కడ రామేశ్వరమ్మ అనే ఆమె కొత్తగా టీ అంగడి పెట్టింది. రాత్రి వాన కురిసి పెద్దదోవలో వంక పారుతోందని, ట్రాక్టర్లే దాటుతున్నాయని టీ తాగేవాళ్ళు చెప్పారు. సుంకప్ప మామ గ్లాసు కింద పెట్టి, “ఎడమకు పాత బండ్లదోవ ఉండాది కోడలా. వంక తగలకుండా పైనుంచి కోనకు పోతాది. మనది ఫోర్‌వీలు, ఆ దోవ దానికి లెక్క గాదు” అన్నాడు. నేను వద్దనబోయాను. అంతలోనే రామేశ్వరమ్మ పొయ్యి దగ్గరి నుంచి అడగనే అడిగింది.

“యాడికప్పా, పొద్దున్నే జీపేసుకోని?”

“యాడికికి” అన్నాడాయన, ముఖం మీద ఒక్క గీత కదలకుండా.

నాకు నవ్వు ఆగక టీ పొలమారింది. అప్పుడు నవ్వినందుకు తరువాత దేవుడు నాతో బాగానే కక్కించాడు.

పాతదోవ మొదట్లో బాగానే ఉంది. చెట్లు జీపును రుద్దుతున్నాయి, నెమళ్ళు అరుస్తున్నాయి, సుంకప్ప మామ ఈల వేస్తున్నాడు. ఒక పల్లం దగ్గర నల్లమట్టి తడిసి నిగనిగలాడుతోంది. “దిగి చూద్దాం మామా” అన్నాను. “చూస్తే భయమైతాది, చూడకుండా పోతే పోతాది” అని ఫోర్‌వీలు లివరు లాగి దింపాడు. సగం పల్లం దాకా జీపు ఏనుగు మాదిరి పోయింది. తరువాత నాలుగు చక్రాలూ ఉన్నచోటే తిరిగాయి. ఇంకొంచెం తొక్కాడు, ఇంకొంచెం దిగింది. చివరికి బండి కడుపు నేలకానింది. ఇంజిను ఆపితే అడవిలో ఎంత నిశ్శబ్దముంటుందో అప్పుడు తెలిసింది.

“ఏమీ గాలేదు కోడలా. నువ్వు చీరె పట్టుకోని ఆ బండ మీద కూసో.”

పార తీశాడు, మట్టి తోడాడు. తోడినచోటికి నీళ్ళు ఊరాయి. జాకీ పెట్టాడు. బండి లేవలేదు గాని జాకీ మట్టిలోకి దిగిపోయింది. జాకీ కింద రాయి పెట్టాడు, రాయీ దిగిపోయింది. కొమ్మలు నరకగూడదు, కాబట్టి రాలిన ఎండుకట్టెలు ఏరుకొచ్చి చక్రాల కింద తోశాడు. టైర్లలో గాలి తగ్గించాడు. స్టీరింగు తట్టి, “అమ్మణ్ణీ, ఒక్క తూరి లేమ్మా” అని బతిమాలాడు. ముందు చక్రం ఒకటి గట్టెక్కింది. ఆ సంతోషంలో వెనకవి రెండూ ఇంకాస్త లోపలికి పోయాయి.

“ఇంగొక్క తూరి చూస్తాం” అన్నాడు.

ఆ ‘ఇంగొక్క తూరి’ ఎన్ని తూర్లయిందో దేవుడికే తెలియాలి. నడిచి పోదామంటే, ముందర దోవ రెండుగా చీలుతుందని, ఏది కోనకు పోయేదో తనకు సరిగా గుర్తులేదని అప్పుడు చెప్పాడు. ఎలుగుబంట్లు తిరిగే చోటు కూడానట. అదీ అప్పుడే చెప్పాడు. మధ్యలో జొన్నరొట్టెలో ఊరిబిండి నంజుకుని తిన్నాం. కోపంలో కూడా ఊరిబిండి బాగుందని నాకు అనిపించింది, అందుకు ఇంకా కోపం వచ్చింది.

పొద్దు నడినెత్తి దాటి పడమటికి వాలింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ అనేది. మాకు కడగడానికి కాలు బయటికొస్తేగదా. నాకు ఇక నోరు ఆగలేదు.

“మామా, మనం ఈడ ఉండామని లోకంలో ఒక్కరికన్నా తెలుసా? ఇంట్లో చెప్పవు. అడిగిన ఒక్క మనిషికీ యాడికి అని చెప్పొస్తివి. ఇప్పుడు మనల్ని ఎదకాలన్నా యాడ ఎదకాల?”

“అది అబద్ధం గాదు కోడలా. శాస్త్రం.”

“నీ శాస్త్రం చల్లగుండ. మా నాయన మాట ఈ బురదలో పోతాంది.”

అనేసి నేను ఏడ్చేశాను. సిగ్గేమీ పడలేదు. ఇంట్లో మగ్గం ముందర కూర్చుని దోవ చూస్తున్న మా నాయన ముఖం కళ్ళ ముందుకొస్తే ఏడుపు రాదా?

సుంకప్ప మామ పార పక్కన పడేశాడు. తరువాత నన్ను అటు తిరగమన్నాడు. తిరిగి చూసేసరికి ఆయన నిక్కరు మీద ఉన్నాడు. కొత్త పంచె మడతలు మడతలుగా వెనక చక్రం కింద ఉంది. “పట్టు దొరకాల. అంతే” అని ఎక్కి తొక్కాడు. జీపు మూరెడు ముందుకు దూకింది. నా గుండె కూడా దూకింది. మళ్ళీ కూలబడింది. పంచెను బయటికి లాగితే బురద కారుతోంది గాని, దారప్పోగు కూడా తెగలేదు.

“చూడు, మీ నాయన నేత” అన్నాడు, ఏదో తానే నేసినట్టు.

ఏడుపులోనే నాకు నవ్వొచ్చింది. నా సంచిలో దుప్పటి తీసి ఆయనకిచ్చాను. గళ్ళ దుప్పటి నడుముకు చుట్టుకుని, మళ్ళీ పార పట్టాడు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి ట్రాక్టరు మోత వినిపించింది. దాని మీద రాజశేఖరన్న.

ఆయన మా దగ్గరికి ఎట్లా వచ్చాడన్నది తరువాత ముగ్గురి నోటా విన్నాను. ముగ్గురూ ఎవరికి వాళ్ళు తామే మమ్మల్ని బతికించామన్నట్టు చెప్పారు.

మేము ఎంతకీ రాకపోయేసరికి రాజశేఖరన్న కోన నుంచి పెద్దదోవలో ట్రాక్టరేసుకుని వంక దాటి ఎర్రబల్లెకు వచ్చాడు. రామేశ్వరమ్మను అడిగాడు. “వచ్చినారప్పా, టీ తాగినారు. యాడికని అడిగితే యాడికికి అన్యాడు ఆ జీపాయప్ప” అని ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది. రాజశేఖరన్నకు తల తిరిగింది. అమ్మవారి చీరె యాడికికి ఎందుకు పోయిందో ఆయనకు అర్థం కాలేదు. మా నాయనకు ఫోను చేసి, “మీ చీరె యాడికికి పోయిందంట సుబ్బయ్యన్నా. నీ మాట ప్రకారం మేము పట్టుచీరె కట్టేస్తాం” అన్నాడు.

మాట పోతాందన్న గాబరాలో మా నాయనకు సుంకప్ప మామ ‘యాడికికి’ సంగతే తట్టలేదు. మోకాళ్ళు పట్టుకుని, ఫోను చేత పట్టుకుని, ఎదురింట్లోకి పోయి తిమ్మమ్మత్త చేతిలో పెట్టాడు. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది.

“ఆయప్పను యాడికని ఎవురన్నా అడిగినారా?”

“అడిగింది, ఈ టీ అంగడామె.”

“అట్లయితే యాడికికి పోలేదు సార్. ఎవురడిగినా ఆయప్ప అట్లనే చెప్తాడు. పొద్దున జీపులో పార పెట్టుకున్యాడు, మోకు పెట్టుకున్యాడు. యాడికికి తారురోడ్డు గదా, పార ఎందుకు? అడివిలోనే ఉండాడు. నేరు దోవలో కనపడలేదంటే అడ్డదోవలో ఇరుక్కోని ఉంటాడు. బిన్నా పోండి సార్, పొద్దు పోతాంది.”

అప్పుడు రామేశ్వరమ్మ కూడా నోరు విప్పింది. “అవునప్పా, జీపు ఎడమకు తిరిగె. యాడికికి పోయేటోళ్ళు అడివిలోకి ఎందుకు తిరిగిరబ్బా అని నేనూ అనుకుంటి.” ఆ మాట ముందే చెప్పొచ్చు గదమ్మా అని రాజశేఖరన్న అంటే, “జీపు ఎట్లా తిరిగెనని నన్ను ఎవురడిగినారప్పా?” అన్నదట. వచ్చేపోయే వాళ్ళందరినీ అడిగే ఆమెను అడిగినవాళ్ళు లేకపోయారు.

ట్రాక్టరు చూడగానే సుంకప్ప మామ మోకు కట్టాడు. రాజశేఖరన్న తెల్లచొక్కాతోనే దిగి జీపు వెనక భుజం పెట్టాడు, నేనూ పెట్టాను. పట్టుచీరె సిద్ధంగా పెట్టుకున్న మనిషి మా నూలుచీరె కోసం బురదలో పడి తోస్తాడని నేను అనుకోలేదు. ఆయన మీద ఏడాదిగా పెట్టుకున్న కోపమంతా అక్కడే పోయింది. జీపు ఒక్క మూలుగు మూలిగి గట్టెక్కింది. “యాడికిలో వానలు బాగా పడినట్టుండాయే సుంకప్పా” అన్నాడు రాజశేఖరన్న, చొక్కా చూసుకుంటూ. మామ తలొంచుకుని మోకు విప్పుకున్నాడు.

కోన చేరేసరికి పొద్దు చరియ మీద ఎర్రగా ఉంది. పట్టుచీరె తట్టలో పెట్టి ఉంది. నా చేతులు మోచేతుల దాకా మట్టి. సుంకప్ప మామ తిమ్మమ్మత్త నింపిన క్యాను ఎత్తి ఉన్న నీళ్ళన్నీ నా చేతుల మీద పోశాడు. పసుపు బట్ట విప్పితే చీరె మీద చుక్క మరక లేదు. పూజారి నన్ను చూశాడు, దుప్పటి కట్టుకున్న మామను చూశాడు, నవ్వు బిగబట్టి గొంతెత్తాడు.

“ఆడబిడ్డ చీరె యాడ నుంచి వచ్చె?”

అంత నోరున్న నాకు, ఆ ఒక్క మాటకు నోరు రాలేదు. మా కథ అప్పటికే కోనంతా పాకినట్టుంది, ఇంతలో జనంలో నుంచి ఎవరో, “యాడికి నుంచి” అన్నారు. కోనంతా నవ్వింది. పూజారి నవ్వాడు. రాజశేఖరన్న అయితే బండకు ఆనుకుని నవ్వాడు. ఆ నవ్వులో నాకూ నోరొచ్చింది.

“సుబ్బయ్య మగ్గం నుంచి” అన్నాను, చరియ మారుమోగేటట్టు.

పసుపు చీరె అమ్మవారికి కట్టారు. వంతు మాది మాకే ఉండిపోయింది. పట్టుచీరె ఏమైందంటే, మర్నాటి పూజకు కట్టారు. అమ్మవారికి రెండు చీరెలైతే ఎవరికి నష్టం?

ఎర్రబల్లె దగ్గర ఫోను పలకగానే మా నాయనకు చెప్పాను. “చెప్పినావా? గట్టిగా చెప్పినావా?” అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. ఇంటికొచ్చేసరికి ఆయనా తిమ్మమ్మత్తా మా గడప మీదే కూర్చుని ఉన్నారు. నాయన నా చేతులు పట్టుకుని వదల్లేదు. తిమ్మమ్మత్త మాత్రం మొగుడి దుప్పటి వైపు చూసి లేచి నిలబడింది.

“ఇన్నేండ్లలో ఒక్కపొద్దన్నా యాడికని అడిగిన్నా నిన్ను? పారను చూసి, మోకును చూసి, సీటు గుడ్డను చూసి, నీ దోవ కనుక్కుంటా వచ్చినా. పార పెట్టుకున్యావంటే ఆ పొద్దంతా నాకు ముద్ద దిగదు. నేను అడగగూడదు, సరే. నువ్వు చెప్పగూడదని యా శాస్త్రంలో ఉండాది?”

సుంకప్ప మామ దగ్గర దీనికి ఊరి పేరేదీ లేదు. అడగకపోతే పట్టింపు లేదనుకున్నాను గాని, ఆమె పొద్దున పొద్దున జీపులోకి తొంగి చూసింది ఎందుకో నాకూ అప్పుడే తెలిసింది.

నాలుగు రోజుల తరువాత, నేను మగ్గం మీద ఉండగా ఎదురింటి దగ్గర జీపు స్టార్టయింది. కదలకుండానే మళ్ళీ ఆగింది. ఎవరడిగారబ్బా అని కిటికీలోంచి చూశాను. సందులో ఎవరూ లేరు. సుంకప్ప మామ దిగి, వాకిట్లో గిన్నెలు తోముతున్న పెళ్ళాం ముందుకు పోయి, తలకాయ గోక్కున్నాడు.

“పొద్దుటూరికి పోతాండా. టైర్లు చూపిచ్చుకోని మాపటికి వస్తా.”

ఆమె తలెత్తకుండానే, “ఎవురడిగినారు నిన్ను?” అన్నది.

అన్నదే గాని, చేతుల మసి అయినా కడుక్కోకుండా లేచి వచ్చి, జీపు సందు మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడింది.